అమెరికాలో నిరాశ్రయ మాజీ సైనికుల గృహవసతి నిధులు: కేటాయింపు, మళ్లింపు, పరిరక్షణ (1865–2024)

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• అమెరికా ప్రభుత్వం మాజీ సైనికుల నివాసం విషయంలో 1865 నుంచి అనుసరించిన పద్ధతులను వివరించగలుగుతారు.
• అనుమతి చట్టానికీ, కేటాయింపు చట్టానికీ, శాఖలోపలి పంపకానికీ మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
• హడ్-వాష్ పథకం పనిచేసే తీరును, 2017 డిసెంబరు వివాదాన్ని విశ్లేషించగలుగుతారు.
• ఒక సంక్షేమ నిధిని కాపాడటం అంటే ఏమిటో చారిత్రక ఆధారాలతో చర్చించగలుగుతారు.

1. పరిచయం

అమెరికాలో ఏటా జనవరి చివరి పది రోజుల్లో ఒక రాత్రి నిరాశ్రయులను లెక్కిస్తారు. స్వచ్ఛంద కార్యకర్తలు టార్చిలైట్లు పట్టుకొని వంతెనల కిందా, పార్కుల్లోనూ, ఆగి ఉన్న కార్లలోనూ తల దాచుకున్నవారిని పలకరిస్తారు. తాత్కాలిక వసతి గృహాల్లో ఉన్నవారిని కూడా ఈ లెక్కలో చేరుస్తారు. 2024లో ఇలా లెక్కించినప్పుడు దేశం మొత్తంమీద 7,71,480 మంది నిరాశ్రయులు తేలారు. అప్పటివరకు నమోదైన సంఖ్యల్లో అదే అత్యధికం. కాని అదే రాత్రి నిరాశ్రయులుగా నమోదైన మాజీ సైనికులు 32,882 మంది మాత్రమే. 2010లో వారి సంఖ్య 74,087. అంటే మొత్తం నిరాశ్రయుల సంఖ్య పెరిగిన కాలంలోనే మాజీ సైనిక నిరాశ్రయుల సంఖ్య సగానికి పైగా తగ్గింది.

ఒకే దేశంలో, ఒకే ఇళ్ల కొరత మధ్య, ఒకే రకమైన అద్దెల భారం కింద ఈ రెండు సంఖ్యలు వేర్వేరు దారులు ఎందుకు పట్టాయి? దీనికి ఒక్క కారణం చెప్పడం సరికాదు. రెండో ప్రపంచ యుద్ధ తరం కనుమరుగవుతుండటంతో దేశంలో మాజీ సైనికుల సంఖ్యే తగ్గుతూ వచ్చింది. అయినా ఆ ఒక్క కారణంతో ఇంత తగ్గుదలను వివరించలేం. సమాధానంలో ముఖ్యమైన భాగం ప్రభుత్వ బడ్జెట్ పద్దుల్లో ఉంది. ఈ పాఠంలో మనం చదవబోయేది ఆ పద్దుల చరిత్ర.

పాఠం మొదలుపెట్టే ముందు ఒక ప్రాథమిక విషయం గుర్తుంచుకోండి. అమెరికాలో ప్రభుత్వ ధనం ప్రజల దగ్గరకు చేరాలంటే మూడు మెట్లు దిగాలి. మొదటిది అనుమతి చట్టం. ఫలానా పథకం ఉండవచ్చునని కాంగ్రెస్ అంగీకరించడమే ఇది. రెండోది కేటాయింపు చట్టం. ఆ పథకానికి ఈ ఏడాది ఇంత డబ్బు ఇస్తున్నామని కాంగ్రెస్ చెప్పడం. రాజ్యాంగం మొదటి అధికరణ ప్రకారం ఇలాంటి చట్టం లేకుండా ఖజానా నుంచి డబ్బు తీయకూడదు. అధ్యక్షుడు పంపే బడ్జెట్ కేవలం ప్రతిపాదన. మూడోది శాఖలోపలి పంపకం. వచ్చిన డబ్బును ఏ ఆసుపత్రికి, ఏ కార్యాలయానికి, ఏ షరతుతో ఇవ్వాలో శాఖ నిర్ణయించడం. వాగ్దానం ఈ మూడింటిలో ఏ మెట్టు దగ్గరైనా జారిపడవచ్చు. ఈ పాఠం పొడవునా మీరు వేసుకోవలసిన ప్రశ్న ఇదే: వాగ్దానం ఏ మెట్టు దగ్గర జారింది? ఏ మెట్టు దగ్గర నిలబడింది?

2. ఆశ్రమాల కాలం: 1865–1930

అంతర్యుద్ధం ముగింపు దశలో, 1865 మార్చి 3న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ ఒక చట్టంపై సంతకం చేశాడు. యుద్ధంలో వికలాంగులైన ఉత్తరాది స్వచ్ఛంద సైనికుల కోసం జాతీయ ఆశ్రమాలను నెలకొల్పడం దాని ఉద్దేశం. మొదటి ఆశ్రమం 1866లో మెయిన్ రాష్ట్రంలోని టోగస్‌లో ప్రారంభమైంది. పడక, భోజనం, వైద్యం ఒకేచోట లభించేవి. దక్షిణాది పక్షాన పోరాడినవారికి వీటిలో ప్రవేశం లేదు. 1884లో నిబంధనలు సడలించి, యుద్ధ గాయాలతో సంబంధం లేకుండా వయసు మీదపడి పనిచేయలేని మాజీ సైనికులను కూడా చేర్చుకోసాగారు.

ఈ ఆశ్రమాల్లో ఒకదాని కథ మనకు పాఠం చివర మళ్లీ అవసరమవుతుంది. 1888లో కాలిఫోర్నియాలోని లాస్ ఏంజిలిస్ పశ్చిమ ప్రాంతంలో సెనేటర్ జాన్ పి. జోన్స్, ఆర్కేడియా బాండిని డి బేకర్ సుమారు 300 ఎకరాల భూమిని దానంగా ఇచ్చారు. మాజీ సైనికుల ఆశ్రమం కోసమే ఆ భూమిని ఇస్తున్నట్లు దానపత్రంలో రాశారు.

1930లో అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ ఆశ్రమాలను, పెన్షన్ల విభాగాన్ని, మాజీ సైనికుల బ్యూరోను కలిపి ఒకే సంస్థగా ఏర్పాటు చేశాడు. 1989లో అది మంత్రివర్గ స్థాయి గల మాజీ సైనికుల వ్యవహారాల శాఖగా మారింది. ఇకమీదట దానిని 'మాజీ సైనికుల శాఖ' అని పిలుద్దాం.

3. బోనస్ సైన్యం: 1932

మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారికి అదనపు పరిహారం చెల్లించాలని 1924లో కాంగ్రెస్ చట్టం చేసింది. స్వదేశంలో చేసిన సేవకు రోజుకు ఒక డాలరు, విదేశంలో చేసిన సేవకు రోజుకు డాలరుంపావు చొప్పున లెక్కగట్టారు. అయితే చాలామందికి డబ్బు బదులు పత్రం చేతికి వచ్చింది. ఆ పత్రం మీద డబ్బు అందేది 1945లో!

1929లో ఆర్థిక మాంద్యం వచ్చింది. ఉద్యోగాలు పోయాయి, ఇళ్లు పోయాయి. చేతిలో ప్రభుత్వం రాసిచ్చిన పత్రం ఉంది, ఉండటానికి ఇల్లు లేదు. 1932 వేసవిలో వాల్టర్ వాటర్స్ అనే మాజీ సార్జెంట్ నాయకత్వంలో వేలాది మాజీ సైనికులు, చాలామంది భార్యాబిడ్డలతో సహా, రాజధాని వాషింగ్టన్ చేరుకున్నారు. అనకోస్టియా నది ఒడ్డున రేకులు, అట్టపెట్టెలు, పాత కలపతో గుడిసెలు వేసుకున్నారు. బోనస్‌ను వెంటనే చెల్లించాలనే బిల్లును ప్రతినిధుల సభ జూన్ 15న ఆమోదించింది. రెండు రోజుల తరవాత సెనేట్ 62–18 ఓట్లతో తిరస్కరించింది. బడ్జెట్ సమతుల్యం దెబ్బతింటుందనేది ప్రధానమైన అభ్యంతరం.

జూలై 28న పోలీసుల కాల్పుల్లో విలియం హుష్కా, ఎరిక్ కార్ల్‌సన్ అనే ఇద్దరు మాజీ సైనికులు గాయపడి మరణించారు. ఆ సాయంత్రం జనరల్ డగ్లస్ మెకార్థర్ ఆధ్వర్యంలో అశ్వికదళం, ట్యాంకులు, బాష్పవాయువుతో సైన్యం కదిలింది. గుడిసెలు తగలబడ్డాయి. మాజీ సైనికుల మీదికి సైనికులు నడిచిన ఆ దృశ్యాన్ని దేశం మరిచిపోలేదు. చివరకు 1936లో, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వీటోను కూడా తోసిపుచ్చి, కాంగ్రెస్ బోనస్ చెల్లింపును చట్టం చేసింది.

ఇక్కడ గమనించవలసింది ఏమిటి? వాగ్దానాన్ని ఎవరూ కాదనలేదు. చట్టం ఉంది, పత్రం ఉంది, మొత్తం కూడా రాసి ఉంది. లేనిది అవసరమైన సమయంలో అందే డబ్బు.

4. 1944 చట్టం: ఇంటి రుణం, దాని హద్దులు

అదే తప్పు మళ్లీ జరగకూడదనే ఆలోచన రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బలంగా పనిచేసింది. 1944 జూన్ 22న రూజ్‌వెల్ట్ సంతకం చేసిన సైనికుల పునరావాస చట్టాన్ని జనం 'జి.ఐ. బిల్లు' అని పిలిచారు. చదువుకు సాయం, వారానికి 20 డాలర్ల నిరుద్యోగ భృతి, ఇంటి రుణానికి ప్రభుత్వ హామీ ఇందులో ముఖ్యాంశాలు. ప్రభుత్వం తానుగా అప్పు ఇవ్వదు. బ్యాంకు ఇచ్చిన అప్పులో కొంత భాగానికి పూచీ ఉంటుంది. 1952 నాటికి సుమారు 24 లక్షల ఇంటి రుణాలకు ఇలా హామీ లభించింది. అమెరికా శివారు కాలనీల విస్తరణలో ఈ చట్టం పాత్ర పెద్దది.

అయితే పూచీ ప్రభుత్వానిదే అయినా, అప్పు ఇవ్వాలా వద్దా అనే నిర్ణయం స్థానిక బ్యాంకు చేతిలో ఉండిపోయింది. జాతి వివక్ష రాజ్యమేలుతున్న దక్షిణాది రాష్ట్రాల్లో దీని ఫలితం తీవ్రంగా కనిపించింది. 1947లో మిసిసిపీ రాష్ట్రంలోని 13 నగరాల్లో జరిగిన సర్వే ప్రకారం, హామీ పొందిన 3,229 రుణాల్లో నల్లజాతి మాజీ సైనికులకు దక్కినవి రెండే. చట్టంలో ఎక్కడా జాతి ప్రస్తావన లేదు. కాని చివరి నిర్ణయాన్ని స్థానిక విచక్షణకు వదిలేయడంతో అర్హులైనవారే బయట మిగిలారు. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. స్థానిక విచక్షణ అనే మాట 2017లో మళ్లీ ఎదురవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) 1924 చట్టం ప్రకారం బోనస్ పత్రాల మీద డబ్బు ఏ సంవత్సరంలో చెల్లించాలి?
(ఆ) 1944 చట్టం కింద ఇంటి రుణం ఇచ్చేది ఎవరు? హామీ ఇచ్చేది ఎవరు?

5. వీధుల్లోకి చేరిన సైనికులు: 1980 దశకం

1980 దశకంలో అమెరికా నగరాల్లో నిరాశ్రయత కొత్త రూపంలో కనిపించింది. దశకం మొదట్లో వచ్చిన ఆర్థిక మాంద్యం, నగరాల్లోని చవక అద్దె గదుల కూల్చివేత, మానసిక వైద్యశాలల మూసివేత తరవాత సమాజంలో తగిన చికిత్సా సదుపాయాలు లేకపోవడం, ప్రభుత్వ రాయితీ గృహాలకు కొత్త కేటాయింపుల్లో భారీ కోత ఇందుకు కారణాలు. నిరాశ్రయుల్లో మాజీ సైనికులు, ముఖ్యంగా వియత్నాం యుద్ధ కాలంలోనూ ఆ తరవాతా పనిచేసినవారు, జనాభాలో తమ వాటా కంటే ఎక్కువగా కనిపించారు.

1987 జూలై 22న అధ్యక్షుడు రోనాల్డ్ రేగన్ మెకిన్నీ చట్టంపై సంతకం చేశాడు. నిరాశ్రయుల కోసం వచ్చిన మొదటి సమగ్ర ఫెడరల్ చట్టం ఇదే. అదే ఏడాది తీవ్ర మానసిక వ్యాధులతో బాధపడే నిరాశ్రయ మాజీ సైనికుల కోసం ప్రత్యేక కార్యక్రమం మొదలైంది. అయితే ఈ తొలి ప్రయత్నాలు ఎక్కువగా చికిత్స చుట్టూ, తాత్కాలిక ఆశ్రయం చుట్టూ తిరిగాయి. చికిత్స ముగిశాక మనిషి వెళ్లవలసింది మళ్లీ వీధికే అయితే ఆ చికిత్స ఎంతకాలం నిలుస్తుంది? ఈ ప్రశ్నే 1992లో కొత్త పథకానికి దారితీసింది.

6. హడ్-వాష్ పథకం పనిచేసే తీరు

గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ సంక్షిప్త నామం 'హడ్'. మాజీ సైనికుల శాఖ తరఫున ఇచ్చే తోడ్పాటు 'వాష్'. రెండూ కలిసి 1992లో ప్రారంభించిన పథకమే హడ్-వాష్. దీనికి రెండు కాళ్లు. మొదటిది అద్దె వోచరు. దీనికి డబ్బు హడ్ నుంచి వస్తుంది. రెండోది కేస్ మేనేజర్. ఈ ఉద్యోగికి జీతం మాజీ సైనికుల శాఖ ఇస్తుంది.

ఒక ఉదాహరణ ఊహించుకోండి. ఒక మాజీ సైనికుడి నెలసరి ఆదాయం 900 డాలర్లు. ఆయనకు దొరికిన ఇంటి అద్దె 1,500 డాలర్లు. నిబంధన ప్రకారం ఆయన తన ఆదాయంలో సుమారు 30 శాతం, అంటే 270 డాలర్లు చెల్లిస్తాడు. మిగిలిన 1,230 డాలర్లను స్థానిక గృహవసతి సంస్థ నేరుగా ఇంటి యజమానికి ఇస్తుంది. ఇది వోచరు చేసే పని.

కాని కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన ఇల్లు దొరకదు. గుర్తింపు పత్రాలు పోయి ఉంటాయి. పాత బాకీలు ఉంటాయి. వోచరు అనగానే తలుపు వేసే యజమానులు ఉంటారు. ఇల్లు దొరికాక కూడా కొందరికి రాత్రి నిద్రపట్టదు. తాగుడు మళ్లీ మొదలవుతుంది. అద్దె కట్టడం మరిచిపోతారు. ఆ పత్రాలు తిరిగి తెప్పించేది, యజమానితో మాట్లాడేది, వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లేది, నెలకోసారైనా తలుపు తట్టేది కేస్ మేనేజర్. అందుకే రెండు కాళ్లలో ఏ ఒక్కటి లేకపోయినా పథకం కుంటుతుంది. ఈ మాటను మనసులో పెట్టుకొంటేనే తరవాతి వివాదం అర్థమవుతుంది.

7. చట్టం ఉన్నా డబ్బు లేని కాలం

తొలి సంవత్సరాల్లో హడ్-వాష్ కింద ఇచ్చిన వోచర్లు రెండు వేలకు లోపే. 2001లో కాంగ్రెస్ ఒక సమగ్ర చట్టం చేసి, రానున్న సంవత్సరాల్లో ఏటా 500 చొప్పున కొత్త వోచర్లకు అనుమతి ఇచ్చింది. కాని వాటికి డబ్బు కేటాయించలేదు. అనుమతి చట్ట గ్రంథంలో ఉండిపోయింది. వోచరు ఎవరికీ అందలేదు. మనం పరిచయంలో చెప్పుకొన్న రెండో మెట్టు దగ్గర వాగ్దానం జారిపడటానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఉండదు.

2008 ఆర్థిక సంవత్సరపు కేటాయింపు చట్టంలో పరిస్థితి మారింది. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల నుంచి సైనికులు తిరిగివస్తున్న కాలం అది. కాంగ్రెస్ హడ్-వాష్‌కు 7.5 కోట్ల డాలర్లు కేటాయించింది. సుమారు 10,000 కొత్త వోచర్లకు ఆ డబ్బు సరిపోయింది. అంతకంటే ముఖ్యమైన ఒక షరతును కూడా కేటాయింపు చట్టాల్లో చేర్చారు. ఒక లబ్ధిదారుడు వోచరు వదులుకుంటే, అది మళ్లీ నిరాశ్రయ మాజీ సైనికుడికే చెందాలి. సాధారణ వోచర్ల కుప్పలో కలిసిపోకూడదు. చూడటానికి చిన్న వాక్యమే. కాని ఏటా ఇచ్చే వోచర్లు కరిగిపోకుండా ఒకదానిపై ఒకటి పోగుపడటానికి ఆ వాక్యమే కారణం.

2009 నవంబరులో మాజీ సైనికుల శాఖాధిపతి ఎరిక్ షిన్‌సెకీ ఐదేళ్లలో మాజీ సైనికుల నిరాశ్రయతను అంతం చేస్తామని ప్రకటించాడు. 2011 నుంచి స్వచ్ఛంద సంస్థల ద్వారా కుటుంబాలకు స్వల్పకాలిక అద్దె సాయం అందించే మరో కార్యక్రమం కూడా తోడైంది. చికిత్సకు ఒప్పుకొంటేనే ఇల్లు అనే పాత షరతు స్థానంలో 'ముందు ఇల్లు' అనే విధానం వచ్చింది. 2015 జనవరిలో న్యూ ఆర్లియన్స్, అదే ఏడాది జూన్‌లో హ్యూస్టన్ తమ నగరాల్లో ఈ సమస్యను పరిష్కరించినట్లు ప్రకటించాయి. ఎవరూ ఇక నిరాశ్రయులు కారని ఆ ప్రకటనల అర్థం కాదు. కొత్తగా ఎవరైనా వీధిన పడితే వెంటనే ఇల్లు చూపగల ఏర్పాటు ఉందని అర్థం. దేశవ్యాప్త లక్ష్యం మాత్రం అనుకున్న గడువులో నెరవేరలేదు. అయినా 2016 నాటికి సంఖ్య 39,471కి తగ్గింది.

8. 2017 డిసెంబరు: పేరు తీసేసిన 46 కోట్ల డాలర్లు

ఇప్పుడు మూడో మెట్టు దగ్గరకు వద్దాం. హడ్-వాష్ కేస్ మేనేజర్ల కోసం మాజీ సైనికుల శాఖ ఆసుపత్రులకు పంపే డబ్బు 'ప్రత్యేక ప్రయోజన నిధి'గా ఉండేది. అంటే ఆసుపత్రి దానిని ఆ పనికే వాడాలి. 2017 సెప్టెంబరులో శాఖ ఒక అంతర్గత ఆదేశం ద్వారా ఈ ఏర్పాటును మార్చదలచింది. దాదాపు 46 కోట్ల డాలర్లను 'సాధారణ ప్రయోజన నిధి'లో కలుపుతామని తెలిపింది. డబ్బు ఆసుపత్రులకే వెళుతుంది. కాని కేస్ మేనేజర్ల జీతానికి వాడాలా, వేరే అవసరానికి వాడాలా అనేది స్థానిక అధికారి ఇష్టం.

శాఖ వాదనను కూడా న్యాయంగా పరిశీలించాలి. దేశమంతటా అవసరాలు ఒకేలా ఉండవు. ఒకచోట నిరాశ్రయులు ఎక్కువ, మరోచోట వైద్యులు తక్కువ. స్థానిక అధికారులకే తమ ప్రాంతం బాగా తెలుసు. మొత్తం బడ్జెట్‌లో ఒక్క డాలరు కూడా తగ్గడం లేదు. కాబట్టి దీనిని కోత అనడం తప్పు అని శాఖ భావించింది.

డిసెంబరు మొదట్లో ఈ విషయం బయటికి పొక్కింది. మాజీ సైనికుల సంఘాలు, నిరాశ్రయుల కోసం పనిచేసే సంస్థలు, సెనేటర్లు తీవ్రంగా అభ్యంతరం తెలిపారు. వారి వాదన ఇది. ఆసుపత్రి అధికారి మీద రోజూ ఒత్తిడి పెట్టేది ఆసుపత్రిలో వేచి ఉన్న రోగుల వరుస. వంతెన కింద ఉన్న మనిషి ఆ వరుసలో ఉండడు. ఆయన ఫిర్యాదు చేయడు, ఉత్తరం రాయడు. పేరు లేని డబ్బు సహజంగా గట్టిగా అడిగేవారి వైపే వెళుతుంది. కేస్ మేనేజర్లు తగ్గిపోతే హడ్ ఇచ్చే వోచర్లు కూడా వృథా అవుతాయి. ఒక శాఖ కాలు తీసేస్తే రెండో శాఖ కాలు నిలవదు.

కాకతాళీయంగా అదే వారంలో ఆ ఏటి లెక్క వెలువడింది. నిరాశ్రయ మాజీ సైనికుల సంఖ్య 40,056. పెరుగుదల ఆరు వందలలోపే. కాని 2010 తరవాత సంఖ్య పెరగడం అదే మొదటిసారి. కొద్ది రోజుల్లోనే శాఖాధిపతి డేవిడ్ షుల్కిన్ వెనక్కి తగ్గాడు. నిరాశ్రయుల కార్యక్రమాల నిధుల్లో మార్పు ఉండదని, స్థానిక నాయకుల, సంబంధిత సంస్థల అభిప్రాయాలు తీసుకుంటామని ప్రకటించాడు.

ఈ ఘటనలో కాంగ్రెస్ ఓటు వేయలేదు. న్యాయస్థానం తీర్పు చెప్పలేదు. ఒక అంతర్గత ఆదేశం దాదాపు నిశ్శబ్దంగా అమలయ్యేది. నలుగురి దృష్టికి రావడంతో ఆగింది. దీన్నిబట్టి మూడో మెట్టు ఎంత బలహీనమైనదో అర్థమవుతుంది. మొదటి రెండు మెట్లూ బహిరంగ చర్చలో ఉంటాయి. మూడోది కార్యాలయ గదుల్లో ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) హడ్-వాష్ పథకంలో వోచరు ఖర్చు ఏ శాఖది? కేస్ మేనేజర్ ఖర్చు ఏ శాఖది?
(ఆ) ప్రత్యేక ప్రయోజన నిధికీ సాధారణ ప్రయోజన నిధికీ తేడా ఏమిటి?

9. నిధిని కాపాడటం అంటే ఏమిటి?

నిధుల మళ్లింపు అనే మాట మీకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక నిధులు ఇతర పనులకు వెళుతున్నాయనే విమర్శ చాలాకాలం వినిపించింది. ఆ నిధులకు చట్టబద్ధత కల్పిస్తూ 2013లో చట్టం వచ్చింది. సందర్భం వేరు, లబ్ధిదారులు వేరు. కాని అక్కడా ఇక్కడా ప్రశ్న ఒకటే: ఎంత డబ్బు ఇచ్చారు అన్నదే కాక, దాని మీద ఎవరి పేరు రాశారు, ఆ పేరును ఎవరు చెరపగలరు అన్నది.

నిధికి పేరు పెట్టడంతోనే పని పూర్తికాదనడానికి లాస్ ఏంజిలిస్ భూమి సాక్ష్యం. ఆశ్రమం కోసమని 1888లో రాసిచ్చిన ఆ స్థలంలోని కొన్ని భాగాలు కాలక్రమంలో విశ్వవిద్యాలయ బేస్‌బాల్ మైదానానికీ, ఒక ప్రైవేటు పాఠశాల ఆటస్థలాలకూ లీజుకు వెళ్లాయి. ఆ నగరంలోనే వేలాది మాజీ సైనికులు వీధుల్లో ఉన్నారు. 2011లో మాజీ సైనికులు కోర్టుకెక్కారు. 2015లో రాజీ కుదిరింది. ఇళ్లు కడతామని హామీ లభించింది. నిర్మాణం నత్తనడకన సాగడంతో 2022లో మరో దావా వేశారు. 2024 సెప్టెంబరులో ఫెడరల్ న్యాయమూర్తి డేవిడ్ కార్టర్ ఆ లీజులు చెల్లవని, సుమారు 1,800 శాశ్వత గృహాలు, 750 తాత్కాలిక గృహాలు కట్టాలని తీర్పు చెప్పాడు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. దానపత్రం రాసిన 136 ఏళ్లకు ఆ పత్రంలోని మాటకు అర్థమేమిటో న్యాయస్థానం చెప్పవలసి వచ్చింది.

మరోవైపు, పేరు మరీ ఇరుకుగా రాసినా నష్టమే. గౌరవప్రదమైన విడుదల లేదనే కారణంతో చాలామంది హడ్-వాష్‌కు అనర్హులుగా ఉండేవారు. 2021 జనవరిలో అమల్లోకి వచ్చిన చట్టం వారిలో చాలామందికి తలుపు తెరిచింది. యుద్ధ గాయాలకు లభించే పరిహారాన్ని ఆదాయంగా లెక్కగట్టడంతో, ఎక్కువ వైకల్యం ఉన్నవారే ఆదాయ పరిమితి దాటిపోయి వోచరు కోల్పోయేవారు. 2024 ఆగస్టులో హడ్ ఈ నిబంధనను సరిచేసింది. కాబట్టి నిధిని కాపాడటం అంటే దానికి తాళం వేయడం కాదు. సరైన మనిషికి చేరేలా తలుపును సరిచేస్తూ ఉండటం కూడా.

ఇంతవరకు చదివినదాన్ని బట్టి నిధి పరిరక్షణకు నాలుగు షరతులు కనిపిస్తాయి.
(1) అనుమతితో సరిపెట్టకుండా ఏటా నిజమైన కేటాయింపు ఉండాలి. 2001 చట్టం ఈ లోపానికి ఉదాహరణ.
(2) నిధికి ప్రయోజనం పేరు స్పష్టంగా ఉండాలి. 2008 నాటి వోచరు షరతు ఇందుకు మంచి ఉదాహరణ.
(3) శాఖలోపలి మార్పులు ప్రజల కంటికి కనబడాలి. 2017 ఘటన దీనిని నేర్పింది.
(4) ఏటా లెక్క ఉండాలి. జనవరి రాత్రి లెక్కే లేకపోతే పథకం ఫలిస్తున్నదో, మళ్లింపుతో నష్టం జరుగుతున్నదో చెప్పడానికి ఆధారం ఉండేది కాదు.

10. సారాంశం

1865 నాటి ఆశ్రమాల నుంచి నేటి వోచర్ల వరకు అమెరికా ప్రభుత్వం మాజీ సైనికులకు నివాసం కల్పిస్తామని పలుమార్లు మాట ఇచ్చింది. 1932లో ఆ మాట సమయానికి అందలేదు. 1944లో పెద్ద ఎత్తున అమలైంది. కాని స్థానిక విచక్షణ కారణంగా నల్లజాతి సైనికులు వెలుపల మిగిలారు. 2001లో చట్టం వచ్చింది, డబ్బు రాలేదు. 2008 నుంచి పేరున్న నిధి నిలకడగా వచ్చింది, నిరాశ్రయుల సంఖ్య తగ్గింది. 2017లో ఆ పేరును తీసేసే ప్రయత్నం జరిగి, ప్రజాభిప్రాయం వల్ల ఆగిపోయింది.

రాజకీయ నాయకులు మాజీ సైనికులను పొగడటంలో ఏ కాలంలోనూ వెనుకాడలేదు. అందువల్ల ఉపన్యాసాలను బట్టి ఒక ప్రభుత్వ నిబద్ధతను అంచనా వేయడం చరిత్ర విద్యార్థికి సరిపోదు. కేటాయింపు చట్టాన్ని, శాఖ ఆదేశాన్ని, స్థానిక కార్యాలయంలో జరిగిన పంపకాన్ని కూడా చదవాలి. మీ జిల్లాలో ఏదైనా సంక్షేమ పథకాన్ని పరిశీలించేటప్పుడూ ఈ మూడు మెట్లనూ ఒక్కొక్కటిగా దిగి చూడండి. వాగ్దానం ఎక్కడ ఆగిపోయిందో అక్కడే తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. (అ) 1945. (ఆ) రుణం ఇచ్చేది బ్యాంకులు. హామీ ఇచ్చేది ప్రభుత్వం.
2. (అ) వోచరు ఖర్చు గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖది. కేస్ మేనేజర్ ఖర్చు మాజీ సైనికుల శాఖది. (ఆ) మొదటిదాన్ని నిర్దేశించిన పనికే వాడాలి. రెండోదాన్ని ఏ అవసరానికి వాడాలో స్థానిక అధికారి నిర్ణయించవచ్చు.

నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 1932 బోనస్ సైన్యం ఉద్యమానికి కారణాలను, ఫలితాలను వివరించండి.
2. 2017 డిసెంబరు వివాదంలో ఇరుపక్షాల వాదనలను పరిశీలించి, మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అనుమతి చట్టానికీ కేటాయింపు చట్టానికీ తేడాను 2001 ఉదాహరణతో తెలపండి.
2. 1944 చట్టం అమలులో స్థానిక విచక్షణ కలిగించిన ఫలితం ఏమిటి?
3. లాస్ ఏంజిలిస్ ఆశ్రమ భూమి వివాదాన్ని క్లుప్తంగా వివరించండి.